రోజారాణిది ఏ రకం?

2006లో మా బొగ్గుగని కాలనీ మానసిక వైద్యశాస్త్రంలో అపారమైన ప్రగతి సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందుకు కారకురాలు గని కార్మికుడు సంపత్ భార్య రోజారాణి. కాన్పయిన వారానికి, గని సైరన్ తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఆమెకు వినిపించింది. ఖమ్మం డాక్టరు మందులిచ్చారు. పద్దెనిమిది రోజుల్లో సైరన్ మళ్లీ సైరనే అయింది.

వ్యవహారం అక్కడితో ముగిసేదే. కానీ డాక్టరు నిజాయితీపరుడు. "పుస్తకంలో ఉన్న ఏ పేరూ దీనికి పూర్తిగా సరిపోవడం లేదు. ఇలాంటివి కొన్ని మళ్లీ రావు, కొన్ని వస్తాయి. ఆరు నెలలు గమనిస్తే తెలుస్తుంది" అన్నారు.

పేరులేని జబ్బు మా కాలనీలో ఉండటమా? అత్త సమ్మక్క ముందుజాగ్రత్తగా పసిపిల్లను తన గదిలోకి మార్చింది. తల్లి పాలివ్వవచ్చు, సాక్షుల సమక్షంలో. సంపత్ రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాడు. పక్కింటి రిటైర్డు కార్మికుడు మొండయ్య వర్గీకరణ బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించాడు. రోజారాణి నవ్వితే ఒకటో రకం. ఏడిస్తే రెండోది. ఊరుకుంటే మూడోది, అది అన్నిటికన్నా ప్రమాదం. "నా బిడ్డను నాకియ్యిండ్రి" అని ఆమె అడిగిన రోజు మొండయ్య పెన్ను ఆపి, "గిది కొత్త రకం" అన్నాడు భక్తితో.

రోజారాణి అడగడం మానేసింది. పక్కగదిలో పిల్ల ఏడుస్తుంటే ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చునేది. దాన్ని 'మెరుగుదల' అని రాశారు.

ఆరు నెలలకు ఖమ్మం వెళ్లారు. సమ్మక్క మోకాళ్ల నొప్పితో ఇంట్లోనే ఉండిపోవడంతో పిల్లను సంపత్ ఎత్తుకున్నాడు. డాక్టరు రోజారాణితో అరగంట మాట్లాడి, నోటుబుక్కు తిరగేశారు. తలుపు సందులోంచి చూడటం, గోడకు చెవి ఆనించడం, కత్తిపీట దాచడం, ప్రతి మాటలో ఇంకేదో అర్థం వెతకడం.

"ఇవన్నీ ఎవరు చేశారు?"

"మేమే సార్. ఒక్క రోజు గూడ తప్పలే" అన్నాడు సంపత్ గర్వంగా.

"ఆమె మొదటి నెలలోనే బాగయింది. బిడ్డను ఇచ్చేయండి. మీరు మాత్రం కొంచెం కూర్చోండి."

రోజారాణి లేచి అతని చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. ఎవరినీ అడగలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "నువ్వు ఎనక సీట్ల కూసో. ఇంటికి పోంగనే పిల్ల ఉయ్యాల నా కాడికి రావాలె" అంది.

"అట్లనే" అని సంపత్ లేచి వెనక్కి వెళ్లాడు.

పెళ్లాం చెప్పగానే ఎదురుమాట లేకుండా లేచిన మగాణ్ణి బస్సంతా మెడలు తిప్పి చూసింది. కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి, రోజారాణి ముందు వంగి జాలిగా అడిగాడు:

"దవాఖానల చూపిచ్చుకొస్తున్నవా అమ్మా? ఎన్నాళ్ల సంది గిట్లున్నడు?"