మెరుపు గారి మహాప్రయోగం

"ఇంతవరకు లోకం విన్నది చప్పుడు. సంగీతం ఇక మొదలవుతుంది" అని రాక్ గిటారిస్టు మెరుపు విలేకరుల ముందు ప్రకటించాడు. పదిహేనేళ్ళుగా ఆ చప్పుడులో సగం తన గిటారు చేసిందేనని మాత్రం మొహమాటపడి చెప్పలేదు.

ఈసారి నలభైమంది వాద్యగాళ్ళతో ప్రయోగాత్మక ఆల్బం చేస్తున్నాడు. చిక్కల్లా ఒక్కటే. అతనికి నొటేషన్ చదవడం రాదు. అతను కూనిరాగం తీస్తుంటే, బడిలో సంగీతం చెప్పే వదిన భోజనాలబల్ల దగ్గర, పిల్లల కాగితాలు ఓ పక్కకు నెట్టి, రాసిపెట్టేది. ఆ సంగతి గడప దాటిందో, పరువు గంగపాలే.

రికార్డింగు రోజున వదిన బడికి వెళ్ళింది. మెరుపు బల్ల మీదున్న కాగితాలన్నీ ఊడ్చుకుని స్టూడియోలో పడ్డాడు.

మూడో పాటలో వయొలిన్లు పిడుగుల్లా విరుచుకుపడుతున్నాయి. ఇంతలో ట్రంపెట్ ఒక్కటీ మెట్లెక్కే పాపాయిలా ఒక్కో స్వరం ఎక్కి, ఆగి, మెల్లగా దిగింది. అందరూ వాయించడం ఆపేశారు. ట్రంపెట్ కాగితం చేతులు మారి, వయొలిన్లవాళ్ళలో పెద్దాయన, అందరూ తాతగారనే ఆయన దగ్గరికి చేరింది.

"బాబూ, ఇది పొరపాటా, కావాలనే రాశారా? ఓసారి చూడండి."

చూస్తే చదవాలి. మెరుపు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"కావాలనే. తుఫాను నడుమ అమాయకత్వం."

నలభై తలలూ భక్తిగా ఊగాయి.

ఆల్బం వచ్చింది. ఆ ట్రంపెట్ దగ్గర ఏడ్చేశామని విమర్శకులు రాశారు. ఆల్బానికి అదే ప్రాణమని తాతగారు సభలో అన్నారు. అది ఎనిమిదేళ్ళ తపస్సని మెరుపు ఒప్పుకున్నాడు.

ఇంట్లో ఆల్బం విన్న వదిన నెత్తి కొట్టుకుంది.

"తపస్సేంటి మరిదీ, నా మొహం. సొంతంగా నాలుగు వరుసలు రాయమంటే ఎనిమిదో తరగతి పిల్ల రాసుకొచ్చిన ఇంటిపని అది. ఇచ్చానని ఏడుస్తున్నా నమ్మక, పాపం, దానికి సున్నా వేశాను."

ఆ సున్నా మెరుపు గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. మర్నాడే తాతగారి దగ్గరికి వెళ్ళాడు.

"నాకు నొటేషన్ రాదండీ. ఆ ట్రంపెట్ ముక్క నాది కాదు."

"తెలుసు బాబూ. కాగితం పైన పిల్ల పేరూ, తరగతీ ఉన్నాయిగా. నలభైమందిమీ చదివాం."

"మరి ఒక్కరూ నోరెత్తలేదేం?"

"ప్రయోగమన్నారాయె. అర్థం కాలేదంటే మమ్మల్ని పాతకాలం సరుకంటారని."

"అయితే సభలో ప్రాణం అదే అన్నారే, అదీ ఉత్తదేనా?"

"రామ రామ, అదొక్కటీ నిజమే చెప్పాను బాబూ" అన్నారు తాతగారు.