రెండడుగుల పొలం

పెరటిసేద్యం మంత్రిగారు మొన్న నిండు సభలో ఒక చారిత్రక ప్రకటన చేశారు. "ఇకపై ప్రతి బాల్కనీ ఒక పొలం! ప్రతి గృహిణీ ఒక రైతు!" బాల్కనీ లేనివాళ్ళ సంగతేమిటని వెనక నుంచి ఎవరో అడిగారు. "ఏం, వాళ్ళకి కిటికీలు లేవా?" అన్నారు మంత్రిగారు. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన అదృష్టం.

మేమైతే ఏకంగా నక్కతోక తొక్కాం. వీధి వీధంతా గాలిస్తే మా మూడో అంతస్తు బాల్కనీలో మాత్రమే మొక్కలు కనిపించాయట. రెండు డబ్బాల్లో కొత్తిమీర, పుదీనా, పగిలిన బకెట్లో టమాటా. అన్నీ మా వదిన పెంచినవే. టమాటా మొక్కకు ఒకే ఒక్క కాయ. రెండు నెలలుగా దాన్ని కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాస్తోంది. పండగానే ఉప్పద్దుకుని తానొక్కతే తింటానని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పేసింది. అన్నయ్య అటువైపు చూడడానికే భయపడేవాడు.

కాయ ఎర్రబడిన రోజే తోటల అధికారి టేపు పట్టుకుని దిగాడు. బాల్కనీ కొలిచాడు. వెడల్పు రెండడుగులు.

"మేడమ్, రేపు మంత్రిగారు స్వయంగా మీ పొలానికి వస్తున్నారు. ఈ పండు కొరుకుతారు."

"ఆయన కొరకడమేంటండీ? అది నా పండు!"

"మీదే మేడమ్, ఎవరు కాదన్నారు? కొరకడం ఒక్కటే ఆయనది."

మంత్రిగారు నోట పెట్టుకోబోయే వస్తువు కాబట్టి పండును అప్పటికప్పుడే కోసి పరీక్షకు పంపారు. ల్యాబువాళ్ళు నిజాయితీపరులు, పండు మొత్తం పరీక్షించారు. సాయంత్రానికల్లా సర్టిఫికెట్ వచ్చింది. 'ఈ పండు తినడానికి యోగ్యమైనది.'

"మరి పండేదీ?" అంది వదిన.

"సర్టిఫికెట్ ఉంది కదా మేడమ్!"

వదినకు ఏడుపొక్కటే తక్కువ. నాకూ జాలేసింది. "పోన్లే, ఇంకా నాలుగు పూలున్నాయి. ఎండ తగిలితే నిలుస్తాయి," అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. ఆయనతో పాటు పీఏ, ఫొటోగ్రాఫరు, కానిస్టేబులు. కొత్తిమీర మంచం కిందికి వెళ్ళింది. పుదీనా వంటింట్లోకి వెళ్ళింది. అయినా మంత్రిగారిలో సగం గదిలోనే మిగిలిపోయారు.

"ఆ బకెట్ తీసేయండి!" పీఏ అరిచాడు.

"అదే కదండీ తోట!"

"తోటకి అడ్డమొస్తోందమ్మా!"

టమాటా మొక్క బాత్రూముకు చేరింది. ఖాళీ బాల్కనీలో పూర్తిగా నిలబడి, మంత్రిగారు సర్టిఫికెట్‌ను పైకెత్తి జనానికి చూపించారు. "ఇంత పచ్చదనం నా జన్మలో చూడలేదు," అన్నారు గద్గద స్వరంతో. కింద చప్పట్లు ఆగలేదు. ఉండబట్టలేక నేనూ కొట్టాను. ఆ ఊపులోనే ఆయన బాల్కనీ గోడకు నాలుగడుగుల శిలాఫలకం ఆవిష్కరించి వెళ్ళిపోయారు.

సందడి తగ్గగానే వదిన బకెట్ ఎత్తుకుని పరుగున వచ్చింది. ఫలకానికి కాపలా ఉన్న కానిస్టేబులు బాల్కనీ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఎక్కడికమ్మా?"

"ఎండలో పెట్టాలి బాబూ. పూలు రాలిపోతున్నాయి."

"ఇది మోడల్ తోటమ్మా," అన్నాడతను ఎంతో మర్యాదగా. "ఇక్కడ మొక్కలు పెట్టకూడదు."