షెడ్డుకు పోసిన ముగ్గు

బలదియా మనిషి, అంటే అక్కడి మునిసిపాలిటీ ఉద్యోగి, పది గంటలకు వచ్చి స్థలం చూస్తాడని ముందురోజే కబురు వచ్చింది. కాబట్టి గురమ్మ తెల్లవారేసరికి చేయవలసిన పనులన్నీ మనసులో వరసగా పేర్చుకుంది. యజమానురాలికి చాయ్, పిల్లలకు బడి డబ్బాలు, వాటికంటే ముందు షెడ్డుకు ముగ్గు. చాయ్, డబ్బాలు రోజూ ఉండేవే. ముగ్గు పోసే రోజు కోసం ఆమె రెండేళ్ళుగా ఎదురు చూస్తోంది.

ముబారక్ అల్ కబీర్‌లోని ఆ అరబ్బుల ఇంట్లో పనిచేసే గురమ్మకు వంటింటి వెనక ఒక గది ఇచ్చారు. ఇచ్చిన రోజున అది గదే. తర్వాత మామా, అంటే ఇంటి యజమానురాలు ఉమ్ ఫహద్, అందులో ఒక పాత తివాచీ చుట్టి పెట్టించింది. తివాచీకి తోడుగా గుడారం గుంజలు, ఖర్జూరం డబ్బాలు, నడవని ట్రెడ్‌మిల్లు వచ్చాయి. వాటికి చోటు చాలక గురమ్మ మంచం తీసేసి, మనవడి చిన్నప్పటి మంచం వేశారు. చివరగా రెండు మేకలు ఒకేసారి ఉడికే గుండిగ వచ్చి కాళ్ళవైపు కూర్చుంది. దాని మూత ఎప్పుడో పోయిందని మామా చెప్పింది. గురమ్మ పొడగరి. మోకాళ్ళ దాకా మంచం మీద, అక్కడినుంచి కాళ్ళు గుండిగలో పెట్టుకుని నిద్రపోయేది.

"మోకాళ్ళు పట్టుకుపోతాండాయి మామా" అని ఒకనాడు చెప్పుకుంది. మామా వచ్చి గుండిగను చూసింది, గురమ్మను చూసింది. తప్పు గుండిగదేనని ఒప్పుకుంది.

"ముందు తోటలో షెడ్డు వేయిద్దాం. సామానంతా అందులోకి పోతుంది. కానీ బలదియా అనుమతి లేకుండా ఒక్క మేకు కూడా కొట్టనివ్వను" అంది.

ముందు తోట అంటే ప్రహరీకి బయట, వీధి వైపు పెంచుకున్న కాస్త గడ్డి, రెండు ఖర్జూరం చెట్లు. ఆ వీధిలో అందరికీ అలాంటి తోటలున్నాయి. వాటిలో కారు నీడకు రేకులు, కోళ్ళ గూళ్ళు, ఊయలలు ఉన్నాయి. పక్కింటి ఉమ్ బదర్ కొడుకు ఏకంగా పావురాలకు రెండంతస్తుల ఇల్లు కట్టాడు. వాళ్ళెవరూ ఎవరినీ అడగలేదు. అడిగింది ఉమ్ ఫహద్ ఒక్కతే. పెద్దకొడుకు ఫహద్ చేత అర్జీ పెట్టించింది, స్థలం చూడటానికి మనిషి వస్తున్నాడు.

ఇల్లు ఇంకా లేవకముందే గురమ్మ డ్రైవర్ మునాఫ్‌ను బయటికి పిలిచింది. అతడిది రాయచోటి. ఖైతాన్‌లో మనవాళ్ళ కొట్టునుంచి ముగ్గుపిండి తెచ్చింది అతడే.

"ముగ్గు పొయ్యకుండా ఎవురన్నా పునాది వేస్తారా?" అంది గురమ్మ.

"రేకుల షెడ్డుకు పునాది యాడిదక్కా?"

"రేకులైతే దిష్టి తగలదా? నువ్వు దారం పట్టు."

మునాఫ్ ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. దారం ఎంత పొడుగుంటే గీత అంత తిన్నగా వస్తుందని, ఒక కొస ఖర్జూరం చెట్టుకు కట్టి, రెండో కొస ఉమ్ బదర్ ఇంటి ముందున్న దీపస్తంభం దాకా లాక్కుపోయాడు. పిండి కూడా దారం వెంబడే పోయింది. షెడ్డు నాలుగు మూలలూ అమిరాయి. మిగిలిన గీత మాత్రం వీధి పొడుగునా సాగింది. కొస ఎక్కడ కట్టిందీ గుర్తుండాలని మునాఫ్ స్తంభం దగ్గర పెద్ద ఇంటూ గుర్తు కూడా పెట్టాడు. అది సరిగ్గా పావురాల ఇంటి గుమ్మంలో పడింది.

గురమ్మ చేతులు దులుపుకుంటుండగా ఉమ్ బదర్ ఇంట్లో పనిచేసే ఆసియా బీ చెత్త సంచితో బయటికి వచ్చింది.

"ఏంది గురమ్మక్కా, ఈ గీతలు?"

షెడ్డో, బోరో, పెళ్ళో, పని మొదలయ్యే దాకా పైకి చెప్పకూడదన్నది గురమ్మ పుట్టినప్పటినుంచీ విన్నమాట. నలుగురి కళ్ళూ పడితే ఆగిపోతుంది.

"నాకేం తెల్సు మే? నేను లేసేటప్పటికే ఉండాయి. ఎవురో గీసిపోయినారు."

ఆసియా బీ ఇంటూ గుర్తు దగ్గరికి పోయి, సంచి కింద పెట్టి నిలబడింది.

"అక్కా, మా ఊర్లో రోడ్డు వెడల్పు చేసేముందు ఇట్లే గీతలు గీసి ఇంటూ పెట్టినారు. మా చిన్నాయన వసారా గీతకు లోపలుండాది. మర్నాడు చూస్తే వసారా లేదు, చిన్నాయన ఒక్కడే ఉండాడు."

అని సంచి అక్కడే మరిచిపోయి లోపలికి పరుగెత్తింది.

ఉమ్ బదర్ బయటికి వచ్చి గీతను చూసింది, తర్వాత పావురాలను చూసింది. ఆమె నాలుగు ఇళ్ళకు ఫోన్లు చేసింది. ఆ నాలుగు ఇళ్ళవాళ్ళూ బయటికి వచ్చి, గీత తమ దాకా రాలేదని కాక, ఇంకా రాలేదని అర్థం చేసుకున్నారు. మామా చాయ్ తాగే వేళకు, బలదియా చూసేలోగా అన్నీ విప్పెయ్యడానికి, అర్దియానుంచి వెల్డింగువాళ్ళ బండి దిగింది. కారు నీడల రేకులు గణగణమంటూ కింద పడుతున్నాయి.

"చెప్పేద్దామా అక్కా?" అన్నాడు మునాఫ్ గేటు సందులోంచి చూస్తూ.

"చెప్తే ఏమైతాది?"

"పావురాలిల్లు పైఅంతస్తు విప్పేసినారు."

"ఇంగ చెప్పి ఏం లాభం? కింద అంతస్తు ఒక్కటీ ఏం చేసుకుంటారు?"

చప్పుడుకు మామా వీధిలోకి వచ్చింది. ఉమ్ బదర్ సంగతి చెప్పగానే ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"ఖలాస్! మనకు షెడ్డు వద్దు, గొడవా వద్దు. ఫహద్‌కు ఫోన్ చెయ్. అర్జీ వెనక్కి తీసుకోమను."

గురమ్మకు మోకాళ్ళలో నొప్పి అప్పుడే మొదలైంది. "మామా, ఆ మనిషి వచ్చి పోనీ..." అనబోయింది. ఎవరూ వినలేదు. ఫహద్ మాత్రం ఫోను ఎత్తలేదు. అర్జీ పెట్టిన ఇల్లు కాబట్టి అక్కడ ఎవరూ సోదా చెయ్యరని ఉమ్ బదర్‌కు తోచింది. పావురాల బోనులు ఒక్క పూట దాచమని మామాను బతిమాలింది. మామా కాదనలేకపోయింది.

"గురమ్మా, యల్లా, తొందరగా! నీ గదిలో పెట్టు."

గదిలో సామానంతా ఎత్తి, జరిపి, మళ్ళీ పేర్చారు. ట్రెడ్‌మిల్లు మీద బోనులు నిలబెట్టారు. పావురాలు గుండిగ లోపలికి తొంగిచూసి ఏదో అనుకున్నాయి.

బలదియా మనిషి చెప్పిన వేళకే వచ్చాడు. కారు దిగి, వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా చూసి, ఇల్లు తప్పు వచ్చానేమోనని కాగితం సరిచూసుకున్నాడు. గడ్డి తప్ప ఎవరి తోటలోనూ ఏమీ లేదు. జనమంతా గోడల వెంట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన టేపు తీసి ముగ్గు మీద పరిచాడు.

"సరిగ్గా సరిపోయింది. ఇంత తిన్నగా ఎవరు గీశారు?"

"మీరు కదా?" అంది మామా.

"మేమెందుకు గీస్తాం? నేను ఈ షెడ్డు చోటు చూడటానికే వచ్చాను."

అందరి చూపులూ గీత మీదికి పోయాయి. ఆసియా బీ గురమ్మ కొంగు అంచున ఉన్న తెల్లపిండినే చూస్తోంది. మునాఫ్ వంగి కారు టైరులో గాలి ఉందో లేదో పరీక్షించడం మొదలుపెట్టాడు.

"మామా, నేనే" అంది గురమ్మ. "ఏదన్నా కట్టేముందు మా దిక్కు ఇట్ల గీస్తారు. మంచిది."

ఉమ్ బదర్ గీత వెంబడి మెల్లగా నడిచి స్తంభం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఇక్కడి దాకా మీ షెడ్డేనా?"

మునాఫ్ రెండో టైరు దగ్గరికి జరిగాడు. వచ్చినాయన నవ్వు బిగబట్టుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. వీధి ఇలా ఖాళీగా ఉంటే ఎవరికీ ఏ అడ్డమూ లేదన్నాడు.

వారం తిరగకుండా షెడ్డు లేచింది. గురమ్మ మొదట గుండిగ, తర్వాత ట్రెడ్‌మిల్లు అని తరలించే వరస కూడా అనుకుంది. ఆఖరి రేకు బిగించిన పూటే ఉమ్ బదర్ వచ్చింది. పూర్తయిన షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత తన పావురాల ఇంటి ఖాళీ చోటు కనిపించేలా గుమ్మంలో కూర్చుంది.

మామా సిగ్గుపడింది. "మీకు అనుమతులు వచ్చేదాకా మీ సామాను ఇందులో పెట్టుకోండి" అంది.

గురమ్మ గదిలోనే ఉండిపోయిన పావురాలు ముందు వచ్చాయి. వెనకే కోళ్ళ గూళ్ళు, ఊయలలు, విప్పిన రేకులు వచ్చాయి. సాయంత్రానికి తలుపు వెయ్యడానికి మునాఫ్ భుజం పెట్టి తోయాల్సి వచ్చింది.

"మన సామాను, మామా?" అంది గురమ్మ.

"నువ్వు గీసిన గీతే కదా గురమ్మా" అంది మామా, కోపం లేకుండానే.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు గురమ్మ తన గదికి వచ్చింది. బోనులు పోయాయి కానీ ఆ వేళ హడావుడిలో పేర్చిన సామాను అలాగే ఉంది. ఇదివరకు తివాచీ చుట్ట, ఆ తర్వాత బోనులు కప్పి ఉంచిన గోడ ఇప్పుడు బయటపడింది. ఆ గోడకు గుండ్రంగా, మట్టికొట్టుకుపోయి, గుండిగ మూత నిలబెట్టి ఉంది.

గురమ్మ దాన్ని తుడిచి గుండిగ మీద పెట్టింది. అది మంచానికి సమానంగా కూర్చుంది. పడుకుని కాళ్ళు దానిమీదికి చాపి, వేళ్ళ కొసల దాకా ఒకసారి చూసుకుంది.

మూతకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.