తుంగకు దత్తత

మా అపార్టుమెంటు పక్కనున్న మడుగులో పెరిగే తుంగ మరెక్కడా దొరకని రకమని ఒక పరిశోధకుడు వచ్చి తేల్చిన రోజు నుంచి, మా అందరికీ దాని మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంతకుముందు ఆ మడుగు మాకు దోమల పుట్టిల్లు మాత్రమే.

వెంటనే తుంగ సంరక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులుగా మూడో అంతస్తు పళ్ల డాక్టరుగారు, కార్యదర్శిగా నేను ఏకగ్రీవంగా ఎన్నికయ్యాం. పోటీకి ఎవరూ రాలేదన్నది వేరే సంగతి. తొలి సమావేశంలో అధ్యక్షులవారు గంభీరంగా సెలవిచ్చారు: "ఇంత గొప్ప మొక్క బురదలో బతకడం మనందరికీ సిగ్గుచేటు. ఇంటికొక దుబ్బు దత్తత తీసుకుందాం." చప్పట్లు మోగాయి. దుబ్బులన్నీ వేళ్లతో సహా లేచి బాల్కనీ కుండీల్లోకి ఎక్కాయి.

తుంగ లేని మడుగుకు రక్షణ అనవసరం కాబట్టి, దాన్ని పూడ్చి కార్లు పెట్టుకోవాలని రెండో సమావేశం తీర్మానించింది. కింది వాటాలో బట్టలు కుట్టుకుని బతికే అక్కయ్యగారు ఒక్కరే లేచి నిలబడ్డారు.

"వాన నీళ్లన్నీ ఆ మడుగులోకే పోతున్నాయండీ. పూడ్చేస్తే మా ఇంట్లోకొస్తాయి. నా మిషన్లు ఏమైపోవాలి?"

"భయపడకండమ్మా. నీళ్లు పల్లం ఎక్కడుంటే అక్కడికే పోతాయి," అని అధ్యక్షులు ధైర్యం చెప్పారు.

"ఆ పల్లంలో ఉన్నది నేనేనండీ."

ఆ అంశం ఎజెండాలో లేనందున చర్చకు రాలేదు. మడుగు పూడిపోయింది.

తుంగకు కుండీలో నీళ్లు నిలవుండాలి. నిలవుంటే దోమలు చేరతాయి. పిల్లల ఒంటి మీద దద్దుర్లు లేచేసరికి దత్తత తల్లిదండ్రుల ప్రేమ చప్పున చల్లారింది. కుండీలు ఒక్కొక్కటిగా మెట్లు దిగి అక్కయ్యగారి వరండాకు చేరాయి. ఆవిడకు పచ్చదనం ఇష్టమని మేమే నిర్ణయించాం.

వానలు పడ్డాయి. నీళ్లు అధ్యక్షులు చెప్పినట్టే నడుచుకున్నాయి. అక్కయ్యగారి హాల్లో మోకాలి లోతు బురద నిలిచింది. మిషన్లు మునిగాయి, కుట్టి ఉంచిన పెళ్లిబట్టలు పాడైపోయాయి. ఆవిడ మెట్ల కింద మడత మంచం వేసుకుని పడుకుంటున్నారు. వరండాలోని కుండీలు బోర్లాపడి, హాల్లోకి కొట్టుకొచ్చిన తుంగ మాత్రం ఆ బురదలో వేళ్లూనుకుని కిటికీ దాకా ఏపుగా ఎదిగింది. చూసి సంఘమంతా కదిలిపోయింది, తుంగను చూసి.

పరిశోధకుడు మళ్లీ వచ్చి, ఇక తుంగకు ఆ హాలే సహజ ఆవాసమని ధ్రువీకరించాడు. కనుక అక్కడి నీళ్లు తోడరాదని, అక్కయ్యగారు వేరే ఇల్లు చూసుకోవాలని సంఘం తీర్మానించింది. "ప్రకృతి కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యక తప్పదు," అన్నారు అధ్యక్షులు.

ఆవిడ తప్ప అందరం చేతులెత్తాం. మీరు ఎన్నో అంతస్తులో ఉంటారో నాకు తెలియదు. ఇంతవరకూ నవ్వుతూ చదివారంటే, కింది వాటా మాత్రం కాదని నా నమ్మకం.