రెండంతస్తుల మధ్య సంతృప్తి

శిక్షణ ఇచ్చేవారి సంతృప్తినీ, శిక్షణ పొందేవారి సంతృప్తినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చి చూడాలని ప్రభుత్వంవారు నిశ్చయించారు. బహు చక్కని నిశ్చయం. రెండు సంతృప్తులూ సమానంగా తూగితే శిక్షణ ఫలించినట్టు లెక్క. యజమాని సంతృప్తి తక్కువైతే అప్రెంటిస్ పని నేర్చుకోనట్టు. అప్రెంటిస్ సంతృప్తి తక్కువైతే, వాడు సంతృప్తి పడటం కూడా నేర్చుకోనట్టు. ఎటు తిరిగినా మరో ఏడాది శిక్షణ పొడిగించేది అప్రెంటిస్‌కే. ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు మీకు తెలిస్తే చెప్పండి, పైవారికి విన్నవించుకుందాం.

లిఫ్టులు మరమ్మతు చేసే ఒకానొక కంపెనీలో ఈ ఏడాది పోలికకు నిలబడవలసింది ఒక అమ్మాయి. ఆమె ఆ పనిలో చేరడానికి కారణం వాళ్లమ్మ మోకాళ్లు. అవి పూర్తిగా అరిగిపోయాయి. వాళ్లుండేది అయిదో అంతస్తు. ఆ భవనానికి లిఫ్టు లేకపోలేదు. కాకపోతే అది కింద నోరు తెరుచుకుని నిలబడిపోయి చాలా కాలమైంది. కాపలావాడు అందులో చీపుళ్లు దాచుకుంటున్నాడు. అమ్మ వీధి మొహం చూడటమంటే కిటికీలోంచి చూడటమే. కూతురు లిఫ్టుపనిలో చేరిన రోజున ఆవిడ చెప్పులు శుభ్రంగా కడిగి గుమ్మం పక్కన పెట్టుకుంది.

కంపెనీలో అడుగుపెట్టగానే అమ్మాయికి ఒక ఫోను అప్పగించారు. లిఫ్టులో చిక్కుకున్నవాళ్లు ఎర్రబొత్తాం నొక్కితే అది మోగుతుంది. ఆమె ఎత్తి, “నమస్కారమండీ. కంగారు పడకండి. మీరు క్షేమంగా ఉన్నారు. మావాళ్లు బయలుదేరారు” అనాలి. మావాళ్లు నిజంగా బయలుదేరారా అన్నది శిక్షణ పరిధిలోకి రాదు. ఏడ్చేవాళ్లను బుజ్జగించడం, తిట్టేవాళ్లను పొగడటం, అరిచి అరిచి అలిసినవాళ్లతో పిల్లల చదువుల గురించి మాట్లాడటం, అన్నీ క్షుణ్ణంగా వచ్చేశాయి. తీరిక దొరికితే యజమాని కొడుకు హోంవర్కు చేసిపెట్టేది. స్క్రూడ్రైవరు పట్టుకోలేదని అనడానికి వీల్లేదు. ఒకసారి కింద పడితే తీసి మేస్త్రీకి అందించింది.

ఇక మేస్త్రీ. ఆ కంపెనీలో లిఫ్టు సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే, ఆ సంగతి కూడా ఆయనకు బాగా తెలుసు. మెషీన్ గదిలో లిఫ్టును నడిపించే పెట్టె తలుపు తెరిస్తే వెంటనే తువ్వాలు అడ్డం కట్టుకుంటాడు, పరీక్షలో పక్కవాడికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లాడిలా. అమ్మాయి ఒకసారి ధైర్యం చేసి, “మేస్త్రీగారూ, ఆ తువ్వాలు కాస్త పక్కకి జరపరూ?” అంది. “నేను మా గురువు దగ్గర ఎన్నేళ్లు చాకిరీ చేశానో తెలుసా? నీకు ఊరికే చూపిస్తానా? రేపు నా నెత్తికెక్కి కూచోవూ!” అన్నాడాయన. యజమానికి ఆ వ్యాపారం మామగారి ద్వారా సంక్రమించింది. లిఫ్టులో ఏ మీట నొక్కితే పైకి పోతుందో ఆయనకూ తెలుసు.

అంతకుముందు ఏళ్లలో పోలికకు నిలబడి, “ఏమీ నేర్పలేదండీ” అని నిజం చెప్పిన అప్రెంటిస్ ఒకడున్నాడు. ఏటా చెబుతూనే ఉన్నాడు, ఏటా శిక్షణ పొడిగిస్తూనే ఉన్నారు. ఇప్పుడతనికి జుట్టు నెరిసింది. అందరూ ముద్దుగా ‘అప్రెంటిస్ తాతయ్య’ అంటారు. టీలు బాగా తెస్తాడు.

పోలిక రోజున సంతృప్తి అధికారి వేంచేశారు. యజమాని ఎదురెళ్లి, “శిక్షణార్థులంటే నాకు కన్నబిడ్డలతో సమానమండీ!” అని ప్రసంగం మొదలుపెట్టి, “పైన మా శిక్షణా మందిరం చూద్దురుగాని” అంటూ అధికారినీ, శిక్షకుడి హోదాలో మేస్త్రీనీ లిఫ్టులోకి ఎక్కించుకున్నాడు. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. మూడో అంతస్తు చేరలేదు. దడేల్మని ఆగిపోయింది.

కింద ఫోను మోగింది.

“నమస్కారమండీ. కంగారు పడకండి. మీరు క్షేమంగా...”

“ఏయ్, నేనే! యజమానిని!” అని గావుకేక వినపడింది. “ముందు తలుపు తెరిపించు!”

“మావాళ్లు బయలుదేరారండీ” అంది అమ్మాయి అలవాటుకొద్దీ. తర్వాత మావాళ్లంతా లోపలే ఉన్నారని గుర్తొచ్చింది. వెంటనే ఇంకో సంగతీ తోచింది. ఇన్నాళ్లకు మేస్త్రీ నోరు విప్పక తప్పదు! ఇవాళ ఈ లిఫ్టు దించితే, రేపు ఇంటిదగ్గర చీపుళ్లు తీసిపారేసి ఆ లిఫ్టునూ కదిలించవచ్చు. “మేస్త్రీగారూ, నేను మెషీన్ గదికి పరిగెడతాను. ఏం చెయ్యాలో చెప్పండి చాలు!” అంది.

ఫోనులో మేస్త్రీ దగ్గు మాత్రం వినపడింది.

“చెప్పవయ్యా బాబూ!” అన్నాడు అధికారి.

“ఇక్కడా? ఈ యజమానిగారి ముందా?” అన్నాడు మేస్త్రీ. “ఈయన వినేస్తే రేపు నాతో పనేముంటుందండీ?”

“ఊపిరాడక చస్తుంటే నీ రహస్యమేమిటయ్యా!” అని యజమాని ఆయన గొంతు పట్టుకున్నట్టున్నాడు. మేస్త్రీ గొంతు ఇచ్చాడు గాని గుట్టు ఇవ్వలేదు. వృత్తి పట్ల అంతటి నిష్ఠ ఈ రోజుల్లో అరుదు. అమ్మాయి మాత్రం ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడి ఉంది, ఒక్క మాట రాలుతుందేమోనని. రాలలేదు. నేర్చిన విద్యే మళ్లీ మొదలుపెట్టింది. అధికారి ఏడుస్తుంటే బుజ్జగించింది. ఆయన కూతురు ఏం చదువుతోందో అడిగింది. ఆయన నెమ్మదించి, విధి గుర్తొచ్చి, “అమ్మా, ఎలాగూ ఖాళీగానే ఉన్నాం. నీ శిక్షణ పట్ల సంతృప్తిగా ఉన్నావా?” అన్నాడు.

“నేర్పి ఉంటే ఈపాటికి మీరు బయట ఉండేవారండీ!” అనేసింది.

అంతలో లిఫ్టు, ఎందుకు ఆగిందో చెప్పనట్టే ఎందుకు కదిలిందో కూడా చెప్పకుండా, తనంతట తానే కిందికి దిగింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ బయటపడ్డారు. అధికారి టై సర్దుకుని, నేల గట్టిగా ఉందో లేదో కాలితో తొక్కి చూసుకుని, ఇలా సెలవిచ్చారు:

“ఇందాక ఈ అమ్మాయి చెప్పిన సమాధానం రెండంతస్తుల మధ్య స్వీకరించబడింది. కనుక అది ఏ అంతస్తు లెక్కలోకీ రాదు. నేల మీద మళ్లీ అడుగుతున్నాను. యజమానిగారూ?”

“సంపూర్ణ సంతృప్తి!” అన్నాడు యజమాని, చొక్కా పిండుకుంటూ.

“అమ్మాయీ?”

అమ్మాయి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే అప్రెంటిస్ తాతయ్య టీలు పట్టుకొచ్చాడు. నెరిసిన జుట్టు, వంగిన నడుము, చేతిలో పళ్లెం. ఆమె వైపు చూసి, చెప్పెయ్యమ్మా అన్నట్టు తలూపాడు. పక్కన నీకూ ఒక పళ్లెం ఉంది అన్నట్టు కూడా ఉంది ఆ తలూపడం.

“సంతృప్తిగానే ఉందండీ” అంది.

“భేష్!” అన్నారు అధికారి. “సంతృప్తులు సరిసమానం. ఈ అమ్మాయి గొంతు వింటూ నేను చావుభయం మరిచిపోయాను. ఇంతకన్నా లిఫ్టు విద్య ఏముంటుంది?” అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు మేస్త్రీ.

లిఫ్టు మరమ్మతులో ప్రథమశ్రేణి ధ్రువపత్రం చంకన పెట్టుకుని అమ్మాయి ఇంటికి వెళ్లింది. వాళ్లమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. గోడకున్న కాలెండరు తీయించి దాని మేకుకే తగిలించమంది. అక్కడితో ఆగకుండా గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, “ఇంక మన లిఫ్టు సంగతి చూడవే తల్లీ. ఒక్కసారి వీధిలో నడిచొస్తాను” అంది.

కూతురు గోడ మీద ధ్రువపత్రం వంకర సరిచేసింది. తర్వాత ఫోనులో వాడే ఆ తియ్యటి గొంతుతో, “కంగారు పడకమ్మా. నువ్వు క్షేమంగా ఉన్నావు. మావాళ్లు బయలుదేరారు” అంది. అమ్మ కాసేపు కూతురి మొహంలోకి చూసి, చెప్పులు విప్పేసింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకరికి కనపడకుండా ఒకరు ఏడ్చారు. ఈ వివరం పోలికలో చేరలేదు, అడగలేదు కనుక.

ప్రథమశ్రేణి వచ్చినవారికి ఉద్యోగం ఆలస్యం కాదు. ఇప్పుడామె పట్నంలోని లిఫ్టులన్నీ తనిఖీ చేసి, భద్రంగా ఉన్నాయని సంతకం పెడుతోంది. మీరు రోజూ ఎక్కే లిఫ్టులో అద్దం కింద అతికించిన కాగితం చూడండి, ఆ సంతకం ఆమెదే. మెట్లు ఎక్కే ఓపిక మీకెలాగూ లేదు, నేర్పనివాళ్లను నిలదీసే ఓపిక అంతకన్నా లేదు. కనుక నిశ్చింతగా ఎక్కండి. మధ్యలో ఆగిపోతే ఎర్రబొత్తాం నొక్కండి. ఆమె దగ్గర తర్ఫీదైన కొత్త అప్రెంటిస్ ఫోను ఎత్తుతుంది. మీరు కూడా పూర్తిగా సంతృప్తి చెందుతారు.