మేనేజరుగారి క్రోనోమీటరు

ఈతకొలను మేనేజరుగారు ఆ ఉదయం మూడు పనులు అనుకున్నారు. భార్య కొనిచ్చిన కొత్త చేతి గడియారం పెట్టుకోవాలి. తొమ్మిదింటికల్లా పిల్లల ఈత పోటీలు మొదలుపెట్టాలి. ఈసారైనా ఎవరిచేతా మాట పడకుండా ఇంటికి రావాలి. పోయిన ఏడాది పోటీలు గంట ఆలస్యమై, తల్లిదండ్రులందరూ ఆయన్ని దులిపి ఆరేసిన సంగతి ఇంకా మనసులో ముల్లులా ఉంది.

ఆ గడియారాన్ని పోటీల రోజునే పెట్టుకోవాలని మూడు రోజులు పెట్టెలోనే దాచారు. ఇప్పుడు తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయి, చేతికి పెట్టుకున్నారు. ఏడూ నలభై. తలెత్తి గోడ గడియారం చూస్తే ఏడుంపావు.

"మన గోడ గడియారం ఇరవై ఐదు నిమిషాలు వెనక్కుందే!" అన్నారు.

"అదేం కాదండీ. నా ఫోనులో కూడా ఏడుంపావే," అంది ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతున్న భార్య.

"ఫోను ఎవరో చెప్తే మనకి చెప్తుంది. ఇది సొంతంగా చెప్తుంది. ఆటోమేటిక్! పైగా క్రోనోమీటరు. పరీక్ష పెట్టి పాసైతేగానీ ఆ పేరు ఇవ్వరు."

"షాపతను క్రోనోగ్రాఫ్ అన్నట్టు గుర్తండీ."

"రెండూ ఒకటేనోయ్. ఒకటి అసలు పేరు, ఒకటి ముద్దుపేరు."

భార్య సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాటింది. పదిహేనేళ్ల కాపురంలో ఏ మాట దగ్గర ఆగాలో ఆవిడకి బాగా తెలుసు. మేనేజరుగారు స్టూలెక్కి గోడ గడియారం ముళ్లు ముందుకి తిప్పి, రెండు ముద్దలు తిన్నాననిపించుకుని పరుగున బయల్దేరారు.

కొలను దగ్గరికి వెళ్లీ వెళ్లగానే అక్కడి పెద్ద గడియారం ముళ్లనీ ముందుకి జరిపేశారు. ఈత నేర్పే కోచ్ తన ఫోను చూసుకుంది, గోడ వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"సార్, ఇంకా చాలా టైముంది కదా?"

"ఆ మాట అనే పోయినసారి నా పరువు తీశారు. ఇదిగో, ఇది చూడు."

కోచ్ వంగి చూసింది. "పెద్ద సెకన్ల ముల్లు కదలట్లేదేంటి సార్?"

మేనేజరుగారు గడియారాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. నిజమే, పెద్ద ముల్లు పన్నెండు దగ్గరే బిగుసుకుపోయి ఉంది. కానీ కింద చిన్న వలయంలో ఒక బుల్లి ముల్లు చకచకా తిరుగుతోంది. "పని చిన్నవాళ్లు చేస్తారు, పెద్దవాళ్లు చూస్తుంటారు," అని ఆయన సర్దుకున్నారు.

గోడ మీద తొమ్మిదయింది. అంటే లోకంలో ఎనిమిదీ ముప్పై అయిదు. అప్పటికి వచ్చింది ఒకే ఒక్క పిల్ల. ఏ పోటీలో చూసినా అందరికంటే చివర తేలే పిల్ల కాబట్టి, స్నేహితులు ఆమెని వెక్కిరింపుగా 'చేపపిల్ల' అంటారు. గట్టుమీద నిలబడితేనే కాళ్లు వణుకుతాయి, అందుకే భయం తీరడానికని ముందుగా వస్తుంది.

"రానివాళ్లు ఓడినట్టే. ఇక కానివ్వు!" అన్నారు మేనేజరుగారు. కోచ్ ఈల వేసింది. చేపపిల్ల ఒక్కతే ఈది, ఒక్కతే మొదటొచ్చి, ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

అసలు తొమ్మిదికి పది నిమిషాల ముందు మిగతా పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, రిఫరీ అందరూ ఒకేసారి లోపలికొచ్చారు. పోటీ అయిపోయిందని తెలియగానే కొలను హోరెత్తిపోయింది.

"మా పిల్ల రాకుండా ఎట్లా పెడతారండీ?"

"తొమ్మిదింటికని చీటీలో మీరే కదా రాశారు!"

జనం మీదకి తోసుకొచ్చేసరికి కోచ్ చేతిలోని స్టాప్‌వాచీ జారి బుడుంగున నీళ్లలో పడింది. ఉన్నది అదొక్కటే. ఫోనులో చూసిన లెక్క నిబంధనల ప్రకారం చెల్లదు. మొదటొచ్చిన పిల్ల నలభై ఐదు సెకన్లలోపు ఈదితేనే పై పోటీకి వెళ్తుంది. లెక్క చూసే సాధనమే లేదు.

రిఫరీ ఒకప్పుడు ఈతలో ఛాంపియను, ఇప్పుడు గడియారాలు బాగుచేస్తుంది. గొడవంతా విని, నిదానంగా మేనేజరుగారి చెయ్యి పట్టుకుని చూసింది.

"ఇన్నాళ్లూ పెట్టెలో ఉంచారా?"

"మూడు రోజులండీ. ఆటోమేటిక్ కదా, దానంతటదే నడుస్తుందని..."

"చెయ్యి ఊగితే దాని స్ప్రింగు చుట్టుకుంటుంది సార్. పెట్టెలో చెయ్యెక్కడుంది? ఆగి నిద్రపోయింది. పొద్దున మీరు ఊపితే లేచి, ఆగిన చోటి నుంచే నడక మొదలెట్టింది."

మేనేజరుగారి మొహం కందగడ్డయింది. "మరి క్రోనోమీటరు..."

"అది కాదిది. క్రోనోమీటరంటే టైము తప్పదని పరీక్ష పెట్టి తేల్చినది. ఇది క్రోనోగ్రాఫు. అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న గడియారం." ఆవిడ పక్కనున్న బొత్తాం నొక్కింది. బిగుసుకుపోయిన పెద్ద ముల్లు ఒక్క ఉదుటున కదిలింది. ఆవిడ మొహంలో నవ్వొచ్చింది. "నిబంధనల్లో స్టాప్‌వాచీ అనే ఉంది. మనకి కావాల్సింది ఇదే!"

ముల్లుని తిరిగి పన్నెండు దగ్గరికి చేర్చి, పోటీ మళ్లీ పెట్టారు. ఆరుగురు పిల్లలు వరసగా నిలబడ్డారు. చేపపిల్ల కాళ్లు ఈసారి వణకలేదు. "ఇందాకే ఈదేశాను కదా, నీళ్లు అవే," అంది పక్కపిల్లతో. మేనేజరుగారు బొత్తాం మీద వేలుంచారు. ఈల మోగగానే నొక్కారు. సగం దాకా మూడోదిగా ఉన్న చేపపిల్ల, చివర్లో దూసుకొచ్చి అందరికంటే ముందు గోడ తాకింది. ఆయన వేలు టక్కున మళ్లీ నొక్కింది. రిఫరీ కళ్లజోడు సర్దుకుని చదివింది: నలభై నాలుగున్నర!

మేనేజరుగారికి ఒళ్లు తెలియలేదు. చొక్కా, బూట్లతో సహా కొలనులోకి దూకి పిల్లని భుజానికెత్తుకున్నారు.

"సార్, గడియారం!" అని రిఫరీ అరిచింది.

"ఏం ఫర్లేదండీ, నీళ్లలో ముప్పై మీటర్ల దాకా అని రాసుంది. ఇక్కడ లోతు రెండే!"

"అది చేతులు కడిగేటప్పటి చుక్కల కోసం సార్, దూకడానికి కాదు!"

చూస్తుండగానే అద్దం లోపల ఆవిరి కమ్మింది. ముళ్లు కనబడటం మానేశాయి. అయినా ఆ తర్వాత మేనేజరుగారిని ఎవరూ ఒక్క మాటా అనలేదు. పై పోటీకి అర్హత పొందిన పిల్ల తల్లయితే ఆయనకి తువ్వాలు కూడా తెచ్చిచ్చింది. నీళ్లోడుతూనే ఆయన నవ్వుతూ నిలబడ్డారు.

సాయంత్రం కోచ్ నివేదిక పూర్తిచేసింది. విజేత ఈదిన సమయం దగ్గర నలభై నాలుగున్నర సెకన్లని రాసి, పోటీ మొదలైన సమయం దగ్గర కాసేపు ఆలోచించి, 'ఉదయం' అని రాసి సంతకం పెట్టింది.