నీళ్లొకరివి, దోమలొకరివి

ఆ ఉదయం కనకరత్నం అనుకున్న పని ఒక్కటే. ఉప్పలగుప్తంలో తన ఇంటి వెనక మురుగు కాలవ సంగతి తేల్చాలి. కూతురు లావణ్య మలేరియాతో అమలాపురం ఆసుపత్రిలో ఉంది. రాత్రంతా మంచం పక్కన కూర్చుని, తెల్లారగానే మొగుణ్ణి అక్కడ ఉంచి, తను మొదటి బస్సెక్కి వచ్చేసింది.

కాలవ సంగతి ఊరందరికీ తెలుసు. బంగారరాజు తన రొయ్యల చెరువు గట్టును సగం కాలవలోకి జరిపాడు. మిగిలిన సగాన్ని గుర్రపుడెక్క కమ్మేసింది. వానలు మొదలయ్యాక నీరు కదలక కనకరత్నం పెరడు మునిగింది, వరిచేను కుళ్లిపోయింది. వీధిలో ఇంటికొకరు జ్వరంతో మూలుగుతున్నారు.

ముందు డ్రైనేజీ ఇంజనీరు సురేంద్రకు ఫోన్ చేసింది.

"ఆయ్, చెప్పండమ్మా."

"కొత్తగా ఏం చెప్పనండీ? కాలవ బాగుచేయించమని వేసవి నుంచీ మొత్తుకుంటున్నాను. ఇప్పుడు నా పిల్ల మంచం పట్టింది."

"అయ్యయ్యో. నీళ్లు మావేనండి. దోమలు మాత్రం హెల్త్ వాళ్లవి. అక్కడ చెప్పండి."

ఒళ్లు మండిపోయి కనకరత్నం నేరుగా ఆరోగ్య కేంద్రానికి నడిచింది. సూపర్‌వైజరు కృపావతి ఓపిగ్గా విన్నది.

"దోమలు మావేనండి పిన్నిగారూ. అవి పుట్టే నీళ్లు డ్రైనేజీ వాళ్లవి, మేం ముట్టుకోకూడదు. పొగ కొట్టించమంటారా?"

"పొగ కొడితే నీళ్లు పోతాయా అమ్మా?"

"పోవండి. ఏదో చేసినట్టుంటుంది కదండీ."

కాసేపటికి పొగ యంత్రం వచ్చింది. కనకరత్నం నడుం మీద చేతులేసుకుని ఎదురుగా నిలబడడంతో, పనివాడు భయపడి ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కొట్టాడు. గాలి ఆడటం లేదు. పొగ కొబ్బరిచెట్ల మీదికి తెల్లగా లేచింది. పక్క ఊళ్లో ఎవరో చూసి, తోట అంటుకుందని ఫైరింజనుకు కబురు చేశారు.

ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. మంట కనపడలేదు, పొగలో దారీ కనపడలేదు. డ్రైవరు రోడ్డనుకుని బంగారరాజు గట్టెక్కించాడు. వెనక చక్రాలు దిగబడ్డాయి. లోపలివాళ్లు దూకి ఒడ్డెక్కేలోగా గట్టు జారిపోయి, ఇన్నాళ్లూ కదలని మురుగంతా గుర్రపుడెక్కతో సహా రొయ్యల చెరువులోకి పారింది.

బంగారరాజు లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ ఈ బండిని పిలిచింది? నా చెరువంతా మురుగైపోయింది."

"ఆ మురుగులోనే మేం పిల్లాజెల్లాతో కాపురం చేస్తున్నామండి రాజుగారూ," అంది కనకరత్నం. "మీ రొయ్యలు ఓ గంట ఓర్చుకోలేవా?"

బంగారరాజు ఫోన్ తీసి ఎవరెవరితోనో మాట్లాడాడు. అరగంటలో సురేంద్ర జీపు దిగాడు. వెనకే మట్టి తవ్వే ప్రొక్లెయిన్లు రెండు వచ్చాయి. పొద్దు వాలేలోగా గుర్రపుడెక్క ఒడ్డుకెక్కింది, కాలవ సముద్రం వైపు కదిలింది, కనకరత్నం పెరట్లో నేల బయటపడింది.

ఆ నేల చూసి ఆమెకు సంతోషం కలగలేదు. ఉదయంకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"ఇంత తేలికైన పనేనా ఇంజనీరు గారూ? మరి నిన్న ఎందుకు చెయ్యలేదండీ?"

సురేంద్ర బూట్ల బురద దులుపుకున్నాడు. "నిన్న ఎమర్జెన్సీ లేదండి."

లావణ్య జ్వరం తగ్గి ఇంటికి రావడానికి చాలా రోజులే పట్టింది. రొయ్యల్ని చూడటానికి మాత్రం భీమవరం నుంచి డాక్టరు గారు ఆ సాయంత్రమే కారులో వచ్చారు.